చిన్న వంటింట్లోకి ఏ కాఫీ మేకర్? స్టీమ్ మెషీన్ కొని చేతులు కాల్చుకున్నా

చిన్నకిచెన్
మా వంటగట్టు మీద పొయ్యి, సింకు, మిక్సీ పోగా మిగిలేది రెండు జానల చోటు, దాని మీదకి కప్‌బోర్డు వంగి ఉంటుంది. ఆర్నెల్ల కింద ఎస్‌ప్రెసో (ఒత్తిడితో దింపే చిక్కటి కాఫీ) అని రాసున్న చిన్న మెషీన్ ఒకటి తెచ్చా. ఆవిరితో నడిచేది, లోపల పంపు లేదు, ఆ సంగతి కొన్నాకే తెలిసింది. కాఫీ మాడు చేదు, పాల గొట్టం తెరిస్తే సగం నీళ్లే, చల్లారేదాకా మూత తియ్యకూడదు కాబట్టి రెండో కప్పుకి పావుగంట ఆగాలి. తెలిసినవాళ్లకి ఇచ్చేశా. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి వెతుకుతున్నా. ఇద్దరమే ఉంటాం, నాకు పాల్లేకుండా పల్చగా పెద్ద కప్పు, మా ఆయనకి పాలు పోసి చిక్కగా చిన్న కప్పు. పొద్దున పది నిమిషాల్లో రెండూ అయిపోవాలి. మోకా (పొయ్యి మీద పెట్టేది, అడుగు నీళ్లు పొడిలోంచి పైకెక్కుతాయి), ఫ్రెంచ్ ప్రెస్ (పొడి నానబెట్టి జాలీతో కిందకి నొక్కేది), డ్రిప్ (వేడినీళ్లు పొడి మీద చుక్కలుగా పడే కరెంటు మెషీన్), ఏరోప్రెస్ (గొట్టంలో పోసి చేత్తో నొక్కేది) అని నాలుగు రాసుకున్నా, వాడినవాళ్లు చెప్పండి. పెద్ద మెషీన్ మాత్రం చెప్పొద్దు, పెట్టే చోటు లేదు.

మోకాపిచ్చి
మోకా పాట్. ఇంకో మాట లేదు. చెంబంత ఉంటుంది, కరెంటు అక్కర్లేదు, 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియలెట్టి దాన్ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఎలా ఉందో దాదాపు ఇప్పుడూ అలాగే ఉంది. పాలల్లోకి అంత చిక్కగా ఇంకేదీ దిగదు.

తెల్లారిబ్యాచ్
ఆవిడకి పల్చగా పెద్ద కప్పు కావాలంటుంటే మోకా అంటారేంటండీ

మోకాపిచ్చి
వేడినీళ్లు కలుపుకుంటే పల్చనవుతుంది కదా, చిక్కటిదాన్ని పల్చన చెయ్యొచ్చు, పల్చటిదాన్ని చిక్కగా చెయ్యలేం.

రిపేర్‌చెయ్యి
ఇలాంటి మెషీన్లు విప్పి బిగించడమే నా పని కాబట్టి ముందు ఆ స్టీమ్ మెషీన్ సంగతి చెప్తా, ఇంకొకరు పడకుండా ఉంటారు. ఎస్‌ప్రెసోకి దాదాపు 9 బార్ ఒత్తిడి కావాలి, అది పంపుతో వస్తుంది. ఉత్త ఆవిరితో నడిచే వాటిలో అందులో మూడో వంతు రావడం కూడా గగనం, పైగా నీళ్లు మరిగి మరిగి పొడి మీద పడతాయి, మీకొచ్చిన మాడు చేదు అందుకే. ఇంకో తికమక ఉంది, పంపు ఉన్న మెషీన్ల డబ్బా మీద 15 బార్, 20 బార్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అది పంపు గరిష్ఠంగా ఎంత తొయ్యగలదో ఆ అంకె, కప్పులోకి కాఫీ దిగేటప్పుడు ఉండాల్సింది కాదు. ఆ అంకె చూసి ఎక్కువ డబ్బులు పెట్టకండి. కొనేముందు టేపు తీసుకుని గట్టు నుంచి పైన కప్‌బోర్డు దాకా ఎత్తు కొలవండి. చాలా డ్రిప్ మెషీన్లకి మూత పైకి తెరుచుకుంటుంది, నీళ్లు వెనకనుంచి పొయ్యాలి, అంటే రోజూ మెషీన్‌ని ముందుకి లాగి మళ్లీ వెనక్కి తొయ్యాలి. రోజూ ఆవిరి తగిలి కప్‌బోర్డు అడుగు చెక్క ఉబ్బిపోయిన ఇళ్లు చాలా చూశా.

ఒకేకప్పు
+1 ఎత్తు కొలవమన్న పాయింట్‌కి. నేను కొలిచింది వెడల్పు ఒక్కటే, ఇప్పుడు మా మెషీన్ డైనింగ్ టేబుల్ మీద ఉంటోంది

నురగమీసం
ఫ్రెంచ్ ప్రెస్ తీస్కోండి, తలనొప్పి ఉండదు. పొడి బరకగా ఉండాలి, పంచదార పలుకులంత. 350 మి.లీ. ప్రెస్‌కి 22 గ్రాముల పొడి, కెటిల్ ఆపాక అరనిమిషం ఆగి నీళ్లు పొయ్యండి, 4 నిమిషాలు వదిలెయ్యండి, పైన తేలిన పొర చెంచాతో కలిపి నురగ తీసేసి మెల్లగా నొక్కండి. అంతే. ఆ నాలుగు నిమిషాల్లో స్నానం తప్ప ఏదైనా చేసుకోవచ్చు. ఇంకో లాభం ఉంది, కాఫీ వంపేశాక ప్రెస్ కడిగి అందులో వేడి పాలు మూడో వంతు దాకా పోసి, నొక్కే కడ్డీ ఉంటుంది కదా, ఆ ప్లంజర్‌ని గబగబా ఇరవైసార్లు పైకీ కిందకీ ఆడిస్తే నురగ దిట్టంగా వస్తుంది. పాలు 60-65 డిగ్రీల దగ్గర ఉండాలి, మరిగిపోతే నురగ నిలవదు, తియ్యదనం కూడా పోతుంది. మీ ఆయనకి పాలు, మీకు నల్లకాఫీ, రెండూ ఒక్క సామానుతో.

తెల్లారిబ్యాచ్
ప్రెస్ కడగడం గురించి ఒక్కరూ చెప్పరు. ఆ పిప్పి అంతా అడుక్కి అంటుకుని ఉంటుంది, సింకులో దులిపితే పైపు జామ్ అవుతుంది, మాకు రెండుసార్లు అయింది. పొద్దున్నే ఎవడు తీస్తాడు దాన్ని

నురగమీసం
కొంచెం నీళ్లు పోసి తిప్పి టీ జల్లెడలో వంపండి, పిప్పి జల్లెడలో ఉండిపోతుంది, అది కుండీలో మట్టిలో కలిపెయ్యండి. అరనిమిషం పని.

తెల్లారిబ్యాచ్
అరనిమిషమే, కానీ రోజూ అరనిమిషం. మా ఇంట్లో ప్రెస్ అటక ఎక్కింది అందుకే. ఏది కొన్నా నిద్రకళ్లతో కడగగలమా లేదా అని చూస్కోవాలి, రుచి సంగతి తర్వాత.

గ్రైండర్‌గోల
అందరూ సామాను గురించే చెప్తున్నారు, పొడి సంగతి ఎవరూ ఎత్తలేదు. చిన్నకిచెన్ గారూ, మీరు పొడి ఎక్కడ ఆడిస్తున్నారు? ఉన్న బడ్జెట్‌లో సగం గ్రైండర్‌కి పెట్టమని నా సలహా. మిక్సీలో బ్లేడు గింజని నరుకుతుంది, కొంత దుమ్ములా అయిపోతుంది, కొంత పెద్ద ముక్కలుగా మిగిలిపోతుంది. ఆ దుమ్ములోంచి చేదు దిగిపోతుంది, ముక్కల్లోంచి సారం సగమే దిగుతుంది, అందుకే ఒకే కప్పులో చేదూ పులుపూ రెండూ తగుల్తాయి. బర్ గ్రైండర్ అంటే రెండు పళ్ల చక్రాల మధ్య గింజ నలుగుతుంది, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో వస్తాయి, ఆ రెండిటి మధ్య ఖాళీ మార్చుకుంటూ బరకా మెత్తనా మనమే తేల్చుకోవచ్చు. చేత్తో తిప్పేది సొరుగులో పట్టేస్తుంది. ఇద్దరికి సరిపడా 25-30 గ్రాములు తిప్పడానికి ఒకటి రెండు నిమిషాలు.

మోకాపిచ్చి
పదేళ్లుగా మిక్సీతోనే ఆడించుకుంటున్నా బ్రహ్మాండంగా ఉంటోంది, ఇదంతా మరీ చాదస్తం

గ్రైండర్‌గోల
ఒక్కసారి మిక్సీ పొడిని టీ జల్లెడలో జల్లించి చూడండి, కిందకి ఎంత దుమ్ము రాలుతుందో కంటితోనే కనపడుతుంది. నేను చెప్పడం దేనికి

నిద్రలేనిఅమ్మ
పసిపిల్లలున్న ఇంట్లో మిక్సీ గోల గురించి కూడా ఆలోచించండి. మా పాప ఆరింటికి మిక్సీ సౌండుకి లేచి కూర్చునేది. చేతి గ్రైండర్ కొన్నాక రాత్రే పొడి చేసి బిగుతు మూత డబ్బాలో పెట్టేస్తున్నా. వాసన కొంచెం తగ్గుతుంది, నిజమే, కానీ పాప నిద్ర ముఖ్యం కదా

చిన్నకిచెన్
పొడి కొట్లో ఆడించి తెస్తున్నా, ఫైన్ అంటే ఇచ్చారు. ఒక కేజీ తెచ్చి ఫ్రిజ్‌లో పెడతా, రెండు నెలలు వస్తుంది. తప్పా?

గ్రైండర్‌గోల
మీ స్టీమ్ మెషీన్ చేదులో సగం వాటా ఈ పొడిదేనండీ. రెండు నెలల పొడిలో వాసన ఏం మిగులుతుంది. పొడి చేశాక గాలికి వాసన చాలా తొందరగా ఎగిరిపోతుంది, గింజ రూపంలో అయితే వేయించిన తేదీ నుంచి నెల నెలన్నర బానే ఉంటుంది. డబ్బా మీద వేయించిన తేదీ ఉన్నది తీసుకోండి, ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటే ఉన్నది వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి తెరిచిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది, పక్కనున్న కూరల వాసన కూడా లాగేసుకుంటుంది. చీకటి షెల్ఫ్‌లో బిగుతు మూత డబ్బా చాలు.

రిపేర్‌చెయ్యి
గ్రైండర్ మాటకి నేనూ ఓటేస్తా. మంచి పొడి మామూలు సామానులో పోసినా కాఫీ బాగుంటుంది, దుమ్ము పొడి ఎంత ఖరీదు మెషీన్‌లో పోసినా అంతే.

హాస్టల్‌రూమ్
పాడ్ మెషీన్ ఎవరూ అనలేదేంటి బ్రో, పొడి నింపిన చిన్న డబ్బీ (పాడ్) పెట్టి నడిపేది, వెడల్పు జానెడు కూడా ఉండదు, బటన్ నొక్కితే అరనిమిషంలో కాఫీ, కడిగేది లేదు. మా రూమ్‌లో అదే

తెల్లారిబ్యాచ్
కడిగేది లేకపోవడం కరెక్టే, ఒప్పుకుంటా. కానీ ఒక్కో పాడ్‌లో ఉండేది 5-6 గ్రాముల పొడి, పెద్ద కప్పు కావాలంటే రెండు పెట్టాలి. లెక్కేస్తే పొడి కన్నా కప్పుకి చాలా రెట్లు పడుతుంది, వాడేసిన పాడ్లు చెత్తబుట్ట నిండా. ఆ కంపెనీ పాడ్లు దొరక్కపోతే మెషీన్ బొమ్మలా కూర్చుంటుంది.

హాస్టల్‌రూమ్
అది నిజమే, పోయిన నెల పాడ్లు దొరక్క పది రోజులు ఇన్‌స్టంట్ తాగా

ఒకేకప్పు
డ్రిప్ మెషీన్ గురించి నాది. 12 కప్పులది కొన్నా, పెద్దదైతే చుట్టాలొచ్చినప్పుడు పనికొస్తుందని. తీరా చూస్తే రోజూ ఇద్దరికే పెడతాం, అంత పెద్ద బుట్టలో ఇంత పొడి వేస్తే పల్చగా పరుచుకుంటుంది, నీళ్లు అలా అలా జారిపోతాయి, కాఫీ నీళ్లనీళ్లగా ఉంటుంది. ఇంకోటి, డబ్బా మీద కప్పు అంటే మన కప్పు కాదు, 150 మి.లీ. లోపే, కొన్నిటికి 120. అడుగున వేడి ప్లేటు ఉన్నది అస్సలు వద్దు, అరగంట దాని మీద ఉంటే కాఫీ చేదు తిరిగిపోతుంది. తీసుకుంటే నాలుగైదు కప్పులది, ఫ్లాస్క్ జగ్గు ఉన్నది తీసుకోండి. కొలత నీళ్లు లీటరుకి 60 గ్రాముల పొడి.

నురగమీసం
60 గ్రాములు అందరికీ గుర్తుండాల్సిన అంకె. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి ఎవరైనా, చెంచా లెక్కలతో ఇవాళ్టి కాఫీ రేపు రాదు.

చిన్నకిచెన్
ఇంతవరకు చదివి ఫ్రెంచ్ ప్రెస్ + చేతి గ్రైండర్ అనుకున్నా. జల్లెడ ఐడియా నచ్చింది. మా ఆయన రోజుకి నాలుగైదు సార్లు తాగుతారు, ఆఫీసు ఇంట్లోనే, కాబట్టి గట్టిదే తీసుకోవాలి. మోకా మీద కూడా మనసు లాగుతోంది గానీ మాది ఇండక్షన్.

మోకాపిచ్చి
అల్యూమినియం మోకా ఇండక్షన్ మీద వేడెక్కదు, స్టీల్‌ది తీసుకోవాలి, అదీ అడుగు ఇండక్షన్‌కి పనికొస్తుందని రాసి ఉన్నది. గ్యాస్ వాళ్లకి ఇంకో మాట, చిన్న మోకా స్టాండు చువ్వల మధ్యలోంచి ఒరిగిపోతుంది, పైన చిన్న జాలీ పెట్టుకోండి. అడుగు గిన్నెలో మామూలు నీళ్లు కాకుండా వేడినీళ్లు పొయ్యండి, అప్పుడు పొడి మాడే టైము ఉండదు. సేఫ్టీ వాల్వ్ కిందవరకే నీళ్లు. పొడి నింపి సమం చెయ్యండి, అదిమిపెట్టొద్దు. సెగ సన్నగా, పైన గురగుర మొదలవగానే దించేసి అడుగుని చన్నీళ్ల కింద పెట్టండి. చేదొస్తోందని మోకాని తిట్టేవాళ్లలో ఎక్కువమంది సెగ పెద్దగా పెట్టేవాళ్లే.

రిపేర్‌చెయ్యి
మోకా రబ్బరు వాషర్ కూడా. పక్కనుంచి ఆవిరి కారుతోందంటే అది గట్టిపడిపోయినట్టు, మార్చేసుకోవాలి, తేలిగ్గా దొరుకుతుంది. అల్యూమినియం దాన్ని డిష్‌వాషర్‌లో పెట్టొద్దు, నల్లబడిపోతుంది.

పేపర్‌ఫిల్టర్
చిన్నకిచెన్ గారూ ఒక్క నిమిషం. మీ ఆయన రోజుకి నాలుగైదు కప్పులు ప్రెస్ కాఫీ తాగుతారంటే ఆయన కొలెస్ట్రాల్ ఎలా ఉందో అడగొచ్చా? ప్రెస్‌లో స్టీలు జాలీ కదా, కాఫీ నూనెలన్నీ కప్పులోకి దిగిపోతాయి, వాటిలో కాఫెస్టాల్ అని ఒకటుంది, అది చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాగితం ఫిల్టర్ దాన్ని చాలావరకు పట్టేస్తుంది. మోకా, ఎస్‌ప్రెసో మధ్యలో ఉంటాయి. అప్పుడప్పుడు ఒక కప్పుకి ఏం కాదు, నేనంటున్నది రోజూ నాలుగైదు గురించి.

నురగమీసం
ఇన్నేళ్లుగా తాగుతున్నా నాకేం కాలేదు అనబోయి ఆగా, నేను టెస్టే చేయించుకోలేదు. ఈ వారం చేయించుకుంటా

చిన్నకిచెన్
అమ్మో. ఆయనకి పోయిన రిపోర్టులో ఎల్‌డీఎల్ (అదే, ఆ చెడ్డ కొలెస్ట్రాల్) ఎక్కువే వచ్చింది, డాక్టర్ నూనెలు తగ్గించమన్నారు. కాఫీలో నూనె ఉంటుందని మాకు ఎవరు చెప్పారు. అయితే ప్రెస్ వద్దు. కాగితం ఉన్నవాటిలో ఏది?

పేపర్‌ఫిల్టర్
ఈసారి వెళ్లినప్పుడు రోజుకి ఎన్ని కప్పులు, ఏ రకం అన్నది కూడా డాక్టర్‌కి చెప్పండి. సామాను విషయానికొస్తే, కాగితంలో అన్నిటికన్నా తక్కువ చోటు పట్టేది పోరోవర్ కోన్, కప్పు మీద కూర్చునే గరాటు అంతే. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కప్పు అడుగున తగిలే మడ్డి భరించలేక, ఇత్తడి గిన్నెకి మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుబుక్కులోని బ్లాటింగ్ కాగితం పరిచి కాఫీ వడకట్టింది. వంటింట్లో పుట్టిన సామాను అది, అందుకే వంటింట్లో ఇముడుతుంది అని నాకనిపిస్తుంది. మీ పెద్ద నల్ల కప్పుకి దాన్ని మించింది లేదు. కాగితాన్ని ముందు వేడినీళ్లతో తడపండి, కాగితం వాసన పోతుంది. పొడి తడిసేంత నీళ్లు, అంటే పొడికి రెండింతలు, పోసి అరనిమిషం ఆగండి, బుసబుసా పొంగుతుంది, అది లోపలి గ్యాస్. ఆ తర్వాత మిగతా నీళ్లు సన్నటి ధారగా. మొత్తం మూడు నిమిషాలు.

తెల్లారిబ్యాచ్
నిద్రకళ్లతో సన్నటి ధార :) మా ఆవిడ వంటింటి గోడకి కూడా కాఫీ పట్టించింది ఒకసారి

పేపర్‌ఫిల్టర్
హహ, వారంలో చెయ్యి కుదురుకుంటుంది, వదిలెయ్యొద్దనండి. పాలల్లోకి మాత్రం కోన్ కాఫీ నప్పదు, పాలు పోస్తే తేలిపోతుంది. ఆయనకి ఏరోప్రెస్ కరెక్ట్.

హాస్టల్‌రూమ్
అక్కా ఏరోప్రెస్ మా సీనియర్ దగ్గర ఉంది, పెద్ద సిరంజిలా ఉంటుంది. కడగడం అంటే మూత తిప్పి నొక్కితే పిప్పి బిళ్లలా టక్కున బుట్టలో పడుతుంది, నీళ్ల కింద పెడితే అయిపోయింది. నేను చూసినవాటిలో కడగడానికి అదే ఈజీ

గ్రైండర్‌గోల
ఎగిరే ప్లాస్టిక్ రింగు ఆటబొమ్మ కనిపెట్టిన అలన్ ఆడ్లర్ 2005లో తెచ్చాడు దాన్ని, ఒక్క కప్పు కాఫీ బాగా రావట్లేదన్న చిరాకుతో. పాలల్లోకి అయితే 18 గ్రాములు మెత్తగా, అంటే మెత్తటి ఉప్పు కన్నా కొంచెం బరకగా, 90 మి.లీ. నీళ్లు, పది సెకన్లు కలిపి నిమిషం ఆగి నెమ్మదిగా నొక్కండి. అది ఎస్‌ప్రెసో కాదు కానీ పాలకి నిలబడుతుంది. మీ నల్ల కప్పుకి కూడా అందులోనే 15 గ్రాములకి 200 నీళ్లు పోసి నొక్కండి, మీకింకా పెద్దది కావాలంటే పైన వేడినీళ్లు కలుపుకోండి. ఇంక కోన్ విడిగా ఎందుకు, చోటు లేదంటున్నారుగా.

పేపర్‌ఫిల్టర్
కోన్ ఎందుకంటే రుచి వేరు కాబట్టి. కానీ చోటు మాట నిజమే, ముందు ఏరోప్రెస్ తీసుకోండి. స్టీలు ఫిల్టర్ అని విడిగా అమ్ముతారు, అది వద్దు, మీకు కాగితమే.

నిద్రలేనిఅమ్మ
నొక్కేటప్పుడు కింద పల్చటి గాజు గ్లాసు పెట్టొద్దు ప్లీజ్, బరువంతా దాని మీదే పడుతుంది. దళసరి మగ్గు. తలకిందులు పెట్టి చేసే పద్ధతి వీడియోల్లో చూపిస్తారు, పిల్లలు కాళ్ల దగ్గర తిరిగే ఇంట్లో అది అస్సలు వద్దు, జారిందంటే వేడినీళ్లన్నీ ఒంటి మీదే

రిపేర్‌చెయ్యి
కెటిల్‌కి గార పడుతుంటే నిమ్మ ఉప్పు ఒక పెద్ద చెంచా లీటరు నీళ్లలో వేసి కాచి పావుగంట ఉంచి పారబోసి, రెండుసార్లు ఉత్త నీళ్లు కాచి పారబొయ్యండి. వెనిగర్ కన్నా ఇది మేలు, వాసన ఉండిపోదు. కెటిల్, ఇండక్షన్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టొద్దు, చెరో 1500-2000 వాట్లు లాగుతాయి, ఒకేసారి వేస్తే వైరు కాలుతుంది.

చిన్నకిచెన్
ఏరోప్రెస్, చేతి గ్రైండర్, చిన్న కాటా తెచ్చేశా. మూడూ కలిపి చెంచాల సొరుగులో పట్టేశాయి, గట్టు ఖాళీ! మూడు రోజులైంది. ఆయన పాల కాఫీ మొదటి రోజే బావుందన్నారు. నాది మాత్రం పుల్లగా, నోరు ముడుచుకుపోయేలా ఉంటోంది. పొడి 15, నీళ్లు 200, కెటిల్ ఆపి ఐదు నిమిషాలు చల్లార్చి పోస్తున్నా, మాడు భయంతో.

గ్రైండర్‌గోల
ఐదు నిమిషాలు ఎక్కువండీ, నీళ్లు మరీ చల్లారిపోతున్నాయి. పులుపంటే సారం పూర్తిగా దిగలేదని. కెటిల్ ఆపాక అరనిమిషం చాలు, 90-95 డిగ్రీల మధ్య ఉంటుంది. ముందు అదొక్కటే మార్చండి. అప్పటికీ పులుపుంటే గ్రైండర్ రెండు గీతలు మెత్తన వైపు తిప్పండి. చేదు వైపు పోతే బరక వైపు. రెండూ ఒకే రోజు మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలీదు.

చిన్నకిచెన్
నీళ్లు మార్చా, సగం తగ్గింది. ఇవాళ ఒక గీత మెత్తన చేశా. వచ్చేసింది!! పాలు లేకుండా పంచదార లేకుండా తాగా, కప్పు అడుగున మడ్డి చుక్క లేదు. ఆయన కూడా నాలుగు మానేసి రెండుకి వచ్చారు, మళ్లీ టెస్టు మూడు నెలల తర్వాత.

నురగమీసం
నా రిపోర్టు వచ్చింది, బోర్డర్‌లో ఉంది. కాగితాల ప్యాకెట్ ఆర్డర్ పెట్టా, ప్రెస్ ఇంక పాల నురగకే

పేపర్‌ఫిల్టర్
మంచి పని చేశారు నురగమీసం గారూ.

హాస్టల్‌రూమ్
అక్కా ఒక్కటి, కడిగాక ప్లంజర్‌ని గొట్టం మధ్యలో వదిలెయ్యొద్దు, ఆ రబ్బరు నొక్కుకుపోయి తర్వాత పట్టు ఉండదు. చివరిదాకా తోసెయ్యండి, లేదా విడిగా తీసి పెట్టండి. మా సీనియర్‌ది అలాగే లూజైంది

చిన్నకిచెన్
ఇప్పుడే సొరుగు తీసి చూశా, సరిగ్గా మధ్యలోనే ఉంది. తీసి పక్కన పెట్టా.